ఉప్పులేని తొలిముద్ద

మరకతపురి కోటలో మిట్టమధ్యాహ్నం శంఖం ఊదగానే రెండు రకాల జనం మహాసత్రం వైపు కదులుతారు. కడుపు కాలేవాళ్లు తూర్పు వాకిలిగుండా వస్తారు. సుంకం తగ్గించుకోవాలనుకునే వర్తకులు పడమటి వాకిలిగుండా వస్తారు. ఇద్దరికీ కావలసింది అన్నమే. ఒకరికి తినడానికి, ఒకరికి చూపించడానికి.

ఆ సత్రాన్ని చూడడానికే దేశదేశాల నుంచి బాటసారులు వచ్చేవారు. నూటపదహారు రాతి స్తంభాలు. ఒక్కో స్తంభానికి అడుగునుంచి పైదాకా వరికంకులు చెక్కి, కంకుల నడుమ పచ్చరాతి చిలుకలను పొదిగారు. ఎండ ఏటవాలుగా పడిందంటే చిలుకల రెక్కల్లోంచి ఆకుపచ్చని వెలుగు జారి, కింద కూర్చున్నవాళ్ల విస్తళ్ల మీద ఆడేది. వెనక పెరట్లో బారులు తీరిన గాడిపొయ్యిలు, వాటి మీద మనిషి దిగి నిలబడితే తల మాత్రమే కనిపించేటంత గంగాళాలు, గరిటె తిప్పడానికి వస్తాదుల్లాంటి వంటవాళ్లు. ఇంత వైభవం మధ్యన కూర్చున్న మూడు వందల మంది మాత్రం ఎముకల గూళ్లలా ఉన్నారు. అది ఎవరికీ వింతగా తోచకపోవడమే అన్నిటికన్నా వింత.

సత్రానికి ఒక శాసనం ఉంది. కౌస్తుభ రాజ్యాన్ని ఏలే ఉదయచంద్ర మహారాజుగారి తాత ఒక కరువు ఏడాది వేయించినది. ఖజానా తలుపు తీసి దానం చేస్తే దారిలోనే సగం కరిగిపోతోందని ఆయనకు అనుమానం. అందుకని, ఏ వర్తకుడు సత్రానికి ఎన్ని బస్తాల బియ్యం ఇస్తాడో, అతని సరుకు అన్ని బస్తాలు సుంకం లేకుండా కోటగుమ్మం దాటవచ్చునన్నాడు. వర్తకుల జాతి ఆయనకు బాగా తెలుసు. పుచ్చు బియ్యం పంపించి పుణ్యమూ లాభమూ కలిపి కొట్టేస్తారని, ఇచ్చినవాడే ఆ బియ్యపు తొలిముద్ద అందరి ముందూ తినాలని షరతు పెట్టాడు. తిని "సుష్టుగా ఉంది" అంటేనే చెక్కపలక మీద తడిమట్టి పరిచి రాజముద్ర వేస్తారు.

తాతగారు పోయాక షరతు కొంచెం మెత్తబడింది. వర్తకులకు పొట్టలు పెరిగాయి, పీట మీద కూర్చోవడం కష్టమైంది. తమ బదులు తినడానికి కూలికి మనిషిని పెట్టుకోవచ్చునని అనుమతి తెచ్చుకున్నారు. అలాంటివాణ్ణి ముద్దవాడు అనేవారు.

ఆ రోజు తొలిముద్ద పీట మీద కూర్చున్న ముద్దవాడి పేరు పోలన్న.

పోలన్న ముద్దవాడు కాడు. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల్లో ఉప్పు తీసేవాడు. నాలుగు నెలల కిందట ఉప్పు మీద సుంకం నాలుగింతలు పెంచితే మడులు పాడుపెట్టి జనం తలో దిక్కూ పోయారు. పోలన్నను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన అక్క ఎర్నమ్మ ఈ సత్రానికి చేరింది. నాలుగు రోజుల కిందట ఆమెను వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడు ముందు ఆమెను గుర్తుపట్టలేకపోయాడు. రెండు పూటలా విస్తరి నిండా తింటున్న మనిషి, చేయి పట్టుకుంటే ముంజేతి ఎముక వేలికి తగులుతోంది. వైద్యుడు నాడి చూసి, రోగమేమీ లేదనీ, ఇంకా ఎక్కువ తినమనీ, ఇలాగే ఉంటే మూడు రోజులకు మించి బతకదనీ ఒక్క గుక్కలో చెప్పి వెళ్లాడు. అది నిన్నటి మాట.

కొన్నాళ్లుగా సత్రానికి వచ్చే బియ్యమంతా ఒక్కరిదే, మకరంద శ్రేష్ఠిది. ఆ బియ్యంలోనే ఏదో ఉందని పోలన్నకు అనుమానం పట్టుకుంది. శ్రేష్ఠిగారి మనుషులు రోజుకో కొత్త ముద్దవాడి కోసం, అదీ ఊరివాడు కాకుండా దూరదేశపు వాడి కోసం వెతుకుతారని విన్నాడు. మీసం మెలితిప్పి, నుదుట విభూతి పెట్టి, తాను కొండదేశం నుంచి వచ్చిన పశువుల బేరగాణ్ణని చెప్పి ఆ పనికి కుదిరాడు. నిన్నటి ముద్దవాడు ఏమయ్యాడని అడిగితే, కూలి తీసుకుని ఊరెళ్లాడన్నారు. మొన్నటివాడూ అంతే. ముద్ద తిన్నవాళ్లందరికీ ఒకేలా ఊరి మీద గాలి మళ్లినట్టుంది.

సుంకాధిపతి దండపాణి ముసలివాడు, నిక్కచ్చి మనిషి. పీట ముందు నిలబడి శాసనం చదివాడు. "ముద్దవాడా, విను. ఈ ముద్ద తిని నువ్వు చెప్పే మాటకు ఈ మట్టి సాక్షి. మట్టి ఆరేలోగా నీకు కడుపులో తేడా చేస్తే, నా దగ్గరికి వచ్చి నీ మాట వెనక్కి తీసుకోవచ్చు. ఆరేలోగా నీ ప్రాణం పోతే ముద్ర చెల్లదు. ఆరిందంటే నీ మాట రాజుగారి మాట. తెలిసిందా?"

"తెలిసింది బాబూ."

శ్రేష్ఠి పక్కన ఆయన గుమస్తా నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, నెత్తిన బూడిదరంగు జుట్టుతో. అతని కళ్లు పోలన్న మీదే ఉన్నాయి. పోలన్న ఎంతసేపు చూసినా ఆ కళ్లకు రెప్ప పడలేదు.

అరిటాకులో అన్నం తెచ్చి పెట్టారు. మల్లెమొగ్గల్లా విడివిడిగా ఉన్న అన్నం, పైన కమ్మటి పొగ. చూస్తేనే నోరూరింది. విస్తరి మూల ఉప్పు లేదు. సుంకం పెరిగిన వారంలోనే సత్రంలో ఉప్పు వడ్డించడం ఆపేశారు. శ్రేష్ఠికి ఇచ్చిన మినహాయింపుతో బొక్కసానికి చిల్లు పడుతోందనీ, దాన్ని పూడ్చాలంటే ఉప్పు మీద వేయాలనీ రాజుగారికి సలహా ఇచ్చింది కూడా శ్రేష్ఠే. ముద్ర లేని ఉప్పు ఎవరి దగ్గర కనిపించినా కోటలో చేయి నరుకుతారు.

ఇక్కడే పోలన్న ఒక పొరపాటు చేశాడు. ఉప్పుమడుల వాళ్లెవరైనా చేసే పొరపాటే. వాళ్లు పరాయి చోట ముద్ద ఎత్తే ముందు ఒక ఉప్పుకల్లు నాలిక మీద వేసుకుంటారు. ప్రయాణమయ్యేటప్పుడు తల్లి పంచె కొసకు నిమ్మకాయంత ఉప్పుగడ్డ కట్టి పంపుతుంది. మాటలు రాని పిల్లలకు కూడా ఆ అలవాటు వస్తుంది. పోలన్న మీసం మెలితిప్పాడు, నుదుట బూది పూసుకున్నాడు, ఊరి పేరు మార్చుకున్నాడు గానీ చేతిని మార్చుకోలేకపోయాడు. మూతి తుడుచుకున్నట్టు చేయి పైకి వెళ్లింది, ఉప్పుకల్లు నాలిక మీద పడింది, వెనకే ముద్ద నోట్లోకి వెళ్లింది.

పళ్ల కింద కరకరమంది.

నోట్లో అన్నం లేదు. ఏటి ఒడ్డున గుప్పెడు తీసి పోసుకున్నట్టు ఇసుక. నాలిక మీద పడిన ఉప్పు కరుగుతున్న చోటల్లా అన్నం ఇసుకై పోతోంది. మూడు నెలలుగా అక్క తిన్నది ఇదే. అక్కడ కూర్చున్న మూడు వందల మంది కడుపుల్లోనూ ఉన్నది ఇదే. కడుపు నిండిందని మాయ చెబుతుంది, ఒళ్లు మాత్రం పస్తుంటుంది.

"ఏం, నములుతూ ఆగావు?" అన్నాడు గుమస్తా మెల్లగా. "రాయి తగిలిందా?"

ఇక్కడే ఉమ్మి అందరికీ చూపించాలని పోలన్న ఒళ్లంతా ఉడికింది. కానీ ఉమ్మిన ఇసుక తన చేతిలోంచే వచ్చిందంటారు. పంచె కొసన ఉప్పు దొరుకుతుంది, చేయి తెగుతుంది, చెప్పడానికి మనిషి మిగలడు. ఇసుకను గొంతులోంచి కిందికి దించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లేదు బాబూ, ఇలాంటి అన్నం తిని ఎన్నాళ్లయిందో. అందుకే."

"సుష్టుగా ఉందా?" అడిగాడు దండపాణి.

పోలన్న తూర్పు వరసలోకి చూశాడు. నాలుగో స్తంభం దగ్గర అక్క విస్తరి ముందు కూర్చుని ఉంది. ఆమె కూడా ఇతని మాట కోసమే చూస్తోంది, అన్నాక గాని వడ్డన మొదలుకాదు.

"సుష్టుగా ఉంది," అన్నాడు పోలన్న. బతుకులో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ అది అతనికి చేదుగా తగిలింది.

రాజముద్ర తడిమట్టి మీద దిగింది. శ్రేష్ఠి నవ్వి, పట్టు పరిచిన పళ్లెంలోంచి ఎర్రటి తలపాగా తీసి స్వయంగా పోలన్న నెత్తిన చుట్టాడు. మట్టి ఆరేదాకా ముద్దవాడు వర్తకుడి పక్కనే ఉండాలి, పలకా ముద్దవాడి చేతుల్లోనే ఉండాలి. అల్లుడికి చేసినంత మర్యాద చేస్తారు. బండ్లు కట్టేలోగా సత్రంలోని బీదల దీవెన తీసుకుని వస్తానని పోలన్న అడిగితే, గుమస్తా తల ఊపాడు. కాదంటే దండపాణి చూస్తున్నాడు.

పలక చంకన పెట్టుకుని పోలన్న నాలుగో స్తంభం చేరేసరికి ఎర్నమ్మ ముద్ద కలిపింది.

"అక్కా, తినకు."

"తప్పుకోరా పోలిగా. శంఖం ఊది ఎంతసేపయ్యిందో తెలుసా."

"అది కూడు కాదే."

"మరేటి? నిన్న తిన్నాను, మొన్న తిన్నాను. కూడంటే ఏటో నాకు తెల్దా? నోటికాడ ముద్ద లాగీడానికేనేటి ఇంత దూరం వొచ్చినావు?"

ఆకలి మనిషిని ఎంత పరాయిని చేస్తుందో ఆ చూపులో కనిపించింది. పోలన్న నమస్కారం పెడుతున్నట్టు వంగి, గోటితో గీకిన ఉప్పు ఆమె విస్తరి మీద చల్లాడు. పొగలు కక్కుతున్న అన్నం మధ్యలోంచి చల్లబడి, చదునుగా జారి, ఆకు మీద ఇసుకకుప్పగా మిగిలింది.

ఎర్నమ్మ దాన్ని చేత్తో ఎత్తి చూసింది. వేళ్ల మధ్యనుంచి ఇసుక రాలిపోయింది.

"మూడు నెల్లు," అంది. "మూడు నెల్లుగా ఇది పెట్టినోడికి లేచి దండం పెడతన్నాన్రా."

పోలన్న పైకి లేచి అరవబోయాడు. ఆమె మణికట్టు పట్టుకుంది. ఎముకలే అయినా ఆ పట్టు చిన్నప్పటి పట్టే.

"అరిస్తే ఏటవుద్ది? అందరికీ ఇసక కనిపిస్తాది. కూడు కనిపిస్తాదా? ఇక్కడ ఇసక బస్తాలు వంద దిగితే, సుంకం కట్టకుండా అసలు బియ్యం బస్తాలు వంద గుమ్మం దాటతన్నాయి కదా. అయ్యెక్కడికి ఎల్తున్నాయో సూడు. ఓ బండైనా ఎనక్కి తెచ్చీ. ఆ పైన అరుద్దాం."

"మరి నువ్వు?"

"నేను పస్తుంటాను. ఇన్నాళ్లూ తెలీని పస్తు ఉన్నాను, ఇయ్యాళ తెలిసిన పస్తు. నువ్వొచ్చే దాకా ఈ ఆకు ముందే కూకుంటాను, ఎల్లు."

ఉప్పుగడ్డ ఆమెకు ఇవ్వబోతే చేయి వెనక్కి తోసేసింది. అమ్మ కట్టినది ప్రయాణం చేసేవాడికేనంది. బయట గుమస్తా పిలుస్తున్నాడు.

ముందు బండిలో పోలన్న, ఎదురుగా గుమస్తా. శ్రేష్ఠి పల్లకిలో. వెనకాల వరసగా ఇంకో తొమ్మిది బండ్లు, బండికి పది బస్తాల బియ్యం. కోటగుమ్మం దగ్గర కావలివాడు పోలన్న ఒళ్లో ఉన్న పలక మీది ముద్ర చూసి, బస్తాల జోలికి పోకుండా అడ్డుగడ తీశాడు. శాసనం శాసనమే. దాని కడుపులో ఏముందో చూడమని కావలివాడికి ఎవరూ చెప్పలేదు.

దారి కొండల్లోకి మళ్లింది. పోలన్న మనసు రెండు లెక్కలు వేసుకుంటోంది. మట్టి ఆరేలోగా తిరిగి దండపాణి దగ్గరికి చేరి తన మాట వెనక్కి తీసుకోవాలి. ఎండ మండిపోతోంది. పలక అంచులు అప్పుడే తెల్లబడుతున్నాయి. గుమస్తా అప్పుడప్పుడూ బొటనవేలి గోటితో అంచు గీకి చూసి, తృప్తిగా తల పంకిస్తున్నాడు.

నక్కల లోయ వచ్చింది. అడుగు కనిపించని లోయ. దాని మీద అతుకు లేని తెల్లరాతి వంతెన, పాము కుబుసంలా నున్నగా మెరుస్తోంది. బండి వంతెన మీదికి ఎక్కగానే గుమస్తా కళ్లు మూశాడు. మొదటిసారి ఆ రెప్పలు మూతపడడం పోలన్న చూశాడు. పెదవులు వేగంగా కదులుతున్నాయి, ఏదో జపిస్తున్నాడు, నుదుట చెమట పడుతోంది.

పోలన్నకు దొరికింది అంతే సమయం. పంచె కొస విప్పి, మిగిలిన ఉప్పుగడ్డను అరచేతుల మధ్య నలిపి, పలక అంచుల్లోంచి మట్టి అడుగుకు బొటనవేళ్లతో తోశాడు. తాగడానికి పెట్టిన కూజాలోంచి నీళ్లు ఒలికించి పామాడు. ముద్ర చెదరకుండా, అంచు మీద వేలిగుర్తు పడకుండా. ఉప్పుమడుల్లో పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఉప్పు పట్టిన మట్టి తేమను వదలదు. ఆ మట్టితో గోడ పెట్టి ఏడాది చూసినా తడి తడిగానే ఉంటుంది. అమ్మ కట్టిన ఉప్పులో ఇక ఒక్క కల్లు కూడా మిగల్లేదు.

బండి అవతలి ఒడ్డు ఎక్కింది. గుమస్తా కళ్లు తెరిచాడు. పోలన్న కూజా ఎత్తి నీళ్లు తాగుతున్నాడు.

"దాహమా?"

"ఎండ కదా బాబూ."

ఏనుగు తల ఆకారంలో ఉన్న కొండ దగ్గర బండ్లు ఆగాయి. గుమస్తా చేయి చూపగానే తొండంలాంటి బండ పైకి లేచింది. లోపల గుహలో బియ్యం. రాశులు కాదు, గుట్టలు. ముత్యాల్లా తెల్లనివి, పసుపు ఛాయవి, గులాబీ ఛాయవి, కొత్త బియ్యం, పాత బియ్యం, చీకట్లోకి ఎంత దూరం చూపు పోతే అంత దూరం. పై కప్పులోని చీలికలోంచి ఒకే ఒక్క ఎండకిరణం దిగి, వాటి మీద బంగారుకడ్డీలా నిలబడింది. ఆ వాసనకే పోలన్న కళ్లు చెమర్చాయి. ఇందులో ఒక్క గుట్ట ఉంటే సత్రం ఏడాది గడుస్తుంది.

తరువాత అతని చూపు గోడ మీదికి పోయింది. వరసగా ఎండిన ముద్రపలకలు. ఒక్కో పలక కింద ఒక కొయ్య మేకు, మేకుకు ఒక ఎర్ర తలపాగా. చివరి మేకు ఖాళీగా ఉంది. ముద్దవాళ్లు ఏ ఊరు వెళ్లారో పోలన్నకు అప్పుడు తెలిసింది.

రెండు చేతులు వెనకనుంచి అతని భుజాలు పట్టుకున్నాయి. అటు ఒకడు, ఇటు ఒకడు, ముఖం లేని భటులు. వాళ్ల వేళ్లు గరుగ్గా, పొడిగా ఉన్నాయి. వాళ్లూ ఇసుకే.

"భస్మకేశా, ఇవాళ్టితో మన ఒప్పందం తీరింది," అన్నాడు శ్రేష్ఠి చేతులు నలుపుకుంటూ. "ఈ బియ్యం పొరుగు రాజుకు మూడింతల ధరకు అమ్ముడుపోయింది. ఒక్క బస్తాకు కూడా నేను సుంకం కట్టలేదు. నాకు చాలు. నీకేం మిగిలిందో నాకిప్పటికీ తెలియదు."

గుమస్తా వేషంలో ఉన్న మాంత్రికుడు నవ్వాడు. "రాజు నీకు సుంకం మాఫీ చేశాడు. నాకు యముడు చేస్తాడు. అన్నం పెట్టినవాడి పాపంలో కొంత తీసేయడం ఆయన దగ్గర కూడా ఉంది శ్రేష్ఠీ. నూట ఎనిమిది రోజులు వరసగా, రోజుకొక నోరు సుష్టుగా ఉందని చెప్పాలి. ఆ మాటలు తిరిగి తీసుకోరానివి కావాలి. అలా నూట ఎనిమిది చేరితే నా ఏడు వందల ఏళ్ల పాపం మీద విచారణ ఉండదు, నా మెడ మీద పాశం పడదు. పెట్టింది ఇసుకా అన్నమా అని ఆయన అడగడు. మీ రాజులాగే ఆయనకూ సాక్ష్యమే కావాలి."

"మరి వీడు?"

"నూట ఎనిమిదోవాడు. మట్టి ఆరనీ. ఆరకముందు చంపితే ముద్ర చెల్లదు."

ఎండకిరణం గుట్టల మీదినుంచి గోడ మీదికి పాకింది. ఎర్రబడింది. భస్మకేశుడు కత్తి తీసి, పోలన్న ముందు బండరాయి మీద కూర్చున్నాడు. పలక పోలన్న చేతుల్లోనే ఉంది. మూడు వందల విస్తళ్లూ, ఒక ఖాళీ కడుపూ అతని కళ్ల ముందు కదులుతున్నాయి. లెక్క తప్పితే, నలిపిన ఉప్పు చాలకపోతే, అక్క ఆ ఆకు ముందే కూర్చుని పోతుంది. భయం వేసింది.

కిరణం సన్నబడి సన్నబడి ఆరిపోయింది.

"పొద్దు గుంకింది," అన్నాడు భస్మకేశుడు. లేచి వచ్చి, పలక మధ్యన బొటనవేలు గట్టిగా నొక్కాడు.

వేలు కణుపు దాకా దిగిపోయింది.

మాంత్రికుడి ముఖంలో ముందు ఆశ్చర్యం, తరువాత మంట. వేలు బయటికి లాగాడు. తడిమట్టి అంటిన బొటనవేలు పొగ కక్కి, బూడిదై రాలిపోయింది. ఆ వెంటనే గుమస్తా వేషం పొరలు పొరలుగా ఊడి, ఏడు వందల ఏళ్ల ముసలి ఒళ్లు బయటపడింది. శ్రేష్ఠి కెవ్వుమని వెనక్కి పడ్డాడు. మూడు నెలలు తాను పక్కన కూర్చోబెట్టుకున్నది ఎవరినో ఆయన అప్పుడే చూశాడు పాపం.

"ఏం కలిపావురా ఇందులో?" అని అరిచాడు మాంత్రికుడు.

"మా అమ్మ ఇచ్చింది," అన్నాడు పోలన్న. "ఉప్పు మట్టి అయ్యా. ఏడాదైనా ఆరదు. అన్నాళ్లూ నన్ను చంపలేవు."

భటుల వేళ్లు అతని భుజాల మీద జారిపోతున్నాయి. ఇసుక కాళ్ల దగ్గర కుప్పపడింది. భస్మకేశుడు వేలు పోయిన చేతిని రెండో చేతి గుప్పిట్లో మూసుకుని, బాధలోంచే నవ్వాడు. "ప్రాణం తీయకూడదు. నాలిక తీయకూడదని ఎక్కడా రాయలేదే. మాట వెనక్కి తీసుకోవడానికి నాలిక కావాలి కదూ."

ఆ మాట పూర్తి కాకముందే పోలన్న పలక చంకన పెట్టుకుని పరుగెత్తాడు. గుహ ద్వారం దగ్గర ఇంకా దించని ముందు బండి ఉంది, పది బస్తాల అసలు బియ్యంతో. నొగల మీదికి ఎగిరి పగ్గాలు అందుకుని "హై" అన్నాడు. ఎద్దులు కదిలాయి. పైనుంచి బండ దిగుతోంది. బండి వెనక కొయ్య దానికి రాసుకుని చిట్లి, ఒక బస్తా చిరిగి, దారంతా బియ్యం చారగా పడింది. వెనక్కి చూసే తీరిక లేదు. గుహలోంచి రెక్కల చప్పుడు వచ్చింది.

వాలు దారిలో ఎద్దులు తోక ఎత్తి పరుగెత్తాయి. సంజకాంతిలో వంతెన ఎదురైంది. బండి దాని మీదికి ఎక్కి సగం దూరం వెళ్లాక, చక్రాల కింద మోత మారింది. రాతి మీద వినిపించే గడగడ పోయి, మెత్తగా జరజరమంది. పోలన్న కిందికి చూశాడు. తెల్లరాతి అంచులనుంచి ఇసుక ధారలుగా లోయలోకి జారుతోంది. జపించేవాడు లేడు, వాడి వేలు కాలింది, వంతెన విడిపోతోంది.

"హై, హై," అని అరిచాడు. ఎద్దులు అవతలి ఒడ్డు మీద ముందు కాళ్లు వేశాయి. వెనక కాళ్లూ వేశాయి. అప్పుడు కింద ఏమీ మిగలలేదు.

బండి వెనక్కి ఒరిగింది. ఇరుసు విరిగింది. బస్తాలు ఒక్కొక్కటే దొర్లి చీకట్లో పడ్డాయి, పడిన చప్పుడు కూడా రాలేదు. కాడికి కట్టిన మోకు ఒక్కటి తెగకుండా లోయలోకి వేలాడింది. దాని కొసన ఒకే ఒక్క బస్తా, ఆ బస్తాను రెండు చేతులా కావలించుకుని పోలన్న. పలక జారబోతుంటే చెక్క అంచును పళ్లతో కరిచి పట్టుకున్నాడు. తడిమట్టి నాలికకు తగిలింది. ఉప్పుమడుల రుచి, ఇంటి రుచి.

పైన ఎద్దులు నిలబడిపోయాయి. శ్రేష్ఠిగారి ఎద్దులు, అదిలిస్తే గాని అడుగు వేయవు. ఒక్క "హై" అంటే చాలు, ఒడ్డెక్కించేస్తాయి. నోరు తెరిస్తే పలక లోయపాలు. పలక పోతే వెనక్కి తీసుకోవడానికి మాటే ఉండదు. బస్తా వదిలి తాడు పట్టుకుని ఎగబాకవచ్చు. వదిలితే అక్క ఆకు మీద పెట్టడానికి గింజ ఉండదు.

దూరంగా మరకతపురి కోటలో సాయంకాలపు వడ్డనకు శంఖం ఊదారు. నాలుగో స్తంభం దగ్గర ఎర్నమ్మ ఆకు ముందు కూర్చునే ఉంటుంది. చుట్టూ అందరూ తింటుంటే, తినకుండా, వాకిలి వైపు చూస్తూ.

లోయ అవతలి కొండ మీదినుంచి బూడిదరంగు రాబందు ఒకటి లేచింది. దాని ఎడమ కాలికి ఒక గోరు లేదు. రెక్కలు ముడిచి, తిన్నగా పోలన్న ముఖం మీదికి దిగుతోంది. పోలన్న పళ్లు ఇంకా గట్టిగా బిగించాడు, చేతులు ఇంకా గట్టిగా బిగించాడు. తల పైన మోకులో ఒక పురి తెగింది.